శాలువా

ఈ వారము నా చేతికి వచ్చిన యొక దేవాలయ వార్షికోత్సవ ఆహ్వానపత్రికయందు ముఖ్య ప్రసంగీకుని నామధేయమునకు ముందు ఐదు బిరుదములును, వెనుక మూడును చేరి, నడుమనున్న ఆ పేరు ఎడ్లబండిలో ధాన్యపు బస్తాల మధ్య ఇరుకున కూర్చున్న పిల్లవానివలె కనబడుచుండెను. దైవజనులు, అభిషిక్తులు, అంతర్జాతీయ ప్రసంగీకులు. తక్కినవానిని పాఠకులే పూరించుకొనగలరు, ఏలయన ఈ బిరుదుల పిచ్చిని గూర్చి నేనిదివరకు ఎన్నిమారులు వ్రాసితినో నాకంటె వారికే బాగుగా జ్ఞాపకము. పత్రిక యడుగున, భూతద్దము లేనిదే కానరాని యక్షరములతో, మార్కు 10:43 అని మాత్రము అచ్చువేసిరి. గొప్పవాడు కాగోరువాడు పరిచారము చేయువాడై యుండవలెనని చెప్పు వాక్యమది. పూర్తిగా వేయుటకు చోటు చాలలేదు కాబోలు.

ఆ మాట పుట్టిన సందర్భము కూడ ఆసనముల తగవే. యెరూషలేము త్రోవలో, తనకు రానున్న మరణమును గురువు చెప్పి ముగించెనో లేదో, జెబెదయి కుమారులిద్దరును వచ్చి, మహిమలో కుడిప్రక్క నొకరికిని ఎడమప్రక్క నొకరికిని చోటిమ్మనిరి. అది విని తక్కిన పదిమందికిని కోపము వచ్చెను. ఆ కోపము వినయమునుండి పుట్టినదని నేనెన్నడును నమ్మలేదు.

ఇట్టి పత్రికలు చూచినప్పుడెల్ల నా మనస్సు దోర్నకల్లునకు పోవును. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళైయందు జన్మించి, తమిళుడై యుండియు, 1909లో నిజాము రాజ్యములోని దోర్నకల్లునకు సువార్తికుడుగా వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రలునందు బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన భారతీయులలో ఆయనయే ప్రథముడు. అంతటి బిరుదము గలవాడు 1945లో తనువు చాలించువరకు మాల మాదిగ పల్లెల వెంట తిరుగుచు, ఎడ్లబండి పోగలిగినంత దూరము ఎడ్లబండిమీదనే పోవుచుండెను. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథీడ్రలును చూచినవారికి, దక్షిణదేశపు కోవెల స్తంభములును మసీదు గుమ్మటములును ఒక్క క్రైస్తవాలయమున ఎంత నెమ్మదిగా ఇమిడియున్నవో తెలియును. ఇంతవరకు చెప్పి, చూడుడు నాటి బిషప్పు, చూడుడు నేటి ఆహ్వానపత్రిక, అని ముగించుట నాకు పరిపాటి. ఈ మారును అట్లే ముగింపబోయి, ఆయన 1910లో చేసిన యొక ప్రసంగము జ్ఞాపకమునకు రాగా కలము నిలిపితిని.

ఆ సంవత్సరము ఎడిన్‌బరోలో కూడిన ప్రపంచ మిషనరీ మహాసభలో, అప్పటికింకను బిషప్పు కాని ఆ యువకుడు, పాశ్చాత్య మిషనరీల త్యాగమును నిండు మనస్సుతో కొనియాడి, మీరు మీ సొత్తును మీ శరీరములను మాకిచ్చితిరి, మాకింకను కావలసినది మీ స్నేహము, అను నర్థము వచ్చునట్లు పలికెను. శ్రోతలలో పలువురు ఇబ్బందిపడిరి. ఆసుపత్రులు కట్టి, బడులు పెట్టి, జ్వరములకు ప్రాణములొడ్డిన వారితో, మీ సేవలో ఏదియో కొరవడినదని ముఖాముఖి చెప్పుట సామాన్యమా? ఇచ్చువాని చేయి ఎల్లప్పుడును పైననే యుండినచో పుచ్చుకొనువాడు ఎన్నటికిని స్నేహితుడు కాజాలడని నాకు బోధపడినది ఆ ప్రసంగమువలననే; బోధపడినదనుకొంటిని గాని, పడలేదనుటకు నా యనుభవమే సాక్ష్యము.

కొన్నియేండ్ల క్రిందట ఒక పల్లె సంఘమువారు కోత పండుగకు నన్ను రెండు మాటలు చెప్పుమని పిలిచిరి. ఆ సంఘపు స్త్రీలు పూటపూటకు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసి, నెలకొకసారి గుడికి తెచ్చి అమ్మి, ఆ రొక్కమును సంఘపనికి వాడుదురు. పిడికెడు బియ్యపు కానుక యన్న తెలుగు క్రైస్తవ గృహములలో తెలియనివారుండరు. ఆ యేట అందులోనుండి కొంత తీసి నాకు శాలువా కొనిరి. నా ప్రసంగము ముగియగానే ఒక వృద్ధురాలు దానిని మడత విప్పి తెచ్చినది. శాలువాలపై పత్రికలో అన్ని మాటలు వ్రాసినవాడను, ఎట్లు కప్పుకొందును? చేతులు జోడించి వెనుకకు జరిగి, ‘ఈ డబ్బు బీదవారికిచ్చిన ఎంత బాగుండెడిది!’ అంటిని. చప్పట్లు మ్రోగినవి. ఆమె మాత్రము శాలువాను తిరిగి మడిచి, నాకు వినబడునంత మెల్లగా, ‘బీదోళ్లెవరయ్యా, మేమేగా’ అనెను.

ఆ చప్పట్లు నాకు చాలకాలము తీయగనే యుండెను. ఈ వారము మార్కు పదవ అధ్యాయము వెదకుచు పుటలు త్రిప్పి యోహాను పండ్రెండవ అధ్యాయమున ఆగితిని. గురువు శిష్యుల పాదములు కడిగినది పదుమూడవ యధ్యాయమున. ప్రతి పెద్దవారమందును మనము చదువునది అదే. దానికి ముందటి యధ్యాయముననే బేతనియలో మరియ అచ్చ జటామాంసి యత్తరును ఆయన పాదములకు పూసి తన తలవెండ్రుకలతో తుడిచెను. ఆయన పాదములు వెనుకకు తీసికొనలేదు, తాను అపాత్రుడనని అనలేదు, కప్పించుకొనవలసిన దానిని కప్పించుకొనెను. ఆ యత్తరు మూడువందల దేనారముల వెల, అనగా కూలివానికి ఇంచుమించు ఒక యేటి సంపాదన; దానిని అమ్మి బీదలకు ఏల ఇయ్యలేదని యొకడు అడిగెను. అడిగినవాడు యూదా. ఆ కోత పండుగనాడు నేనాడిన మాట దాదాపు అక్షరము పొల్లుపోకుండ అతనిదే.

పేతురు సంగతియు అట్టిదే. నా పాదములు నీవెన్నడును కడుగరాదనుట వినయమువలె ధ్వనించును. అది ఒప్పుకొననివానికి తనతో పాలులేదని గురువు కఠినముగా పలికెను. నీళ్లపళ్లెము పట్టుటకు సిద్ధపడువారు నా యెరుకలోనే పదిమంది యున్నారు, నేనును పట్టుదును. దాని ముందు కాళ్లు చాచి కూర్చుండుమన్నప్పుడే నాకు గొంతు పట్టుకొనును.

ఎనిమిది బిరుదముల ప్రసంగీకుని నేనెరుగను. ఆయన మెడలో పడబోవు శాలువా ఏ కుండలోని బియ్యముతో కొన్నదో కూడ నేనెరుగను. బిరుదములు ఇప్పటికిని నాకు రుచింపవు. ఎనిమిదింటిలో ఏడింటిని తీసివేయుడని ఆ సంఘపు పెద్దలకు ఉత్తరము వ్రాసితిని, శాలువాను గూర్చి ఏమియు వ్రాయలేదు. ఆ పల్లెకు మొన్న మంగళవారము పోయివచ్చితిని. ఆ వృద్ధురాలు కీర్తిశేషురాలై రెండేండ్లయినదట. శాలువాను ఆ చలికాలమే గుడి ఊడ్చు ముసలివానికి ఇచ్చిరట.