వాటం చేతికి నాలుగు శాతం

చేతి వైకల్యాన్ని శాతాల్లో కొలవడం వైద్యుల పనే అయినా, ఆ అంకె తేల్చేది మాత్రం పింఛనునూ ఉద్యోగ రిజర్వేషన్‌నూ; 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం దగ్గర గీత గీసింది కనుక, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో 38 శాతం వచ్చిన మనిషికీ 42 శాతం వచ్చిన మనిషికీ మధ్య తేడా చేతిలో కంటే బతుకులోనే ఎక్కువ.

కేంద్రం 2018లో ప్రకటించిన మార్గదర్శకాలు అరచేతినీ, దానికి పైనున్న చేతినీ వేర్వేరుగా పరీక్షించమన్నాయి. అరచేతిలో పట్టుకు, స్పర్శకు, బలానికి 30 శాతం చొప్పున కేటాయించి, స్పర్శలో బొటనవేలికి 9, చూపుడువేలికి 6, తక్కిన మూడు వేళ్లకు ఐదేసి చొప్పున పంచారు. పైచేతిలో కీళ్ల కదలిక, కండరాల బలంతో పాటు సమన్వయాన్ని, అంటే కీళ్లూ కండరాలూ కలిసి ఒక పనిని పూర్తిచేయగల నేర్పును, పది పనులతో చూడమన్నాయి: చేత్తో అన్నం తినడం, తల దువ్వి జడ వేసుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, నాడా ముడి వేసుకోవడం, గ్లాసెత్తి నీళ్లు తాగడం, రాయడం, కాలకృత్యం తర్వాత కడుక్కోవడం వంటివి. ఒక్కొక్క పనికి 9 శాతం. ఇంటి బతుకులోంచి తీసుకున్న ఈ జాబితా నిజంగా మెచ్చదగినది.

అయితే వాటం చేయి, అంటే పనికి ముందుగా చాచే చేయి, దెబ్బతింటే ఆ మార్గదర్శకాలు అదనంగా కలపమన్నది 4 శాతమే. తెలుగు ఇళ్లలో కుడిచేయి తినడానికి, ఎడమచేయి కడుక్కోవడానికి అని చిన్ననాడే విడదీసి నేర్పుతారు కాబట్టి, ఎడమచేయి పోయిన మనిషి ఆ రెండు పనులనూ ఒకే చేత్తో చేసుకోవలసి రావడంలోని బాధ ఈ లెక్కకు అందదు.

రాసే చేతిని బట్టి వాటాన్ని నిర్ణయించడమూ సరికాదు; ఎడమచేతి వాటంతో పుట్టినా, పెద్దలు మందలించి కుడిచేత్తో రాయించిన వారు ఎందరో ఉన్నారు. 1971లో మనస్తత్వ శాస్త్రవేత్త ఓల్డ్‌ఫీల్డ్ రూపొందించిన ఎడిన్‌బరో ప్రశ్నావళి రాయడంతో పాటు బొమ్మ గీయడం, విసరడం, కత్తెర పట్టడం, చీపురు పట్టడం, అగ్గిపుల్ల గీయడం వంటి పది పనుల గురించి అడిగి, మైనస్ 100 నుంచి ప్లస్ 100 వరకు అంకె ఇస్తుంది. అమెరికాలో మాజీ సైనికులకు అరచేయి పూర్తిగా పనికిరాకుండా పోతే వాటం చేతికి 70 శాతం, రెండోదానికి 60 శాతం ఇస్తారు. రెండు చేతులూ సమానంగా వాడేవారి విషయంలో గాయపడిన చేతినే వాటం చేతిగా లెక్కిస్తారు. అనుమానం కలిగినచోట బాధితుని పక్షం వహించే ఈ నియమం ఇక్కడా రావాలి. అంతవరకు, శిబిరానికి వెళ్లేవారు ఏ పని ఏ చేత్తో చేసేవారో వైద్యుడు అడిగేదాకా ఆగకుండా తామే చెప్పాలి.