మేకకు కోట, పులికి బోను

గేమ్ డిజైన్ మొదటి పాఠాలు నేర్చుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. సుద్దముక్క, మూడు గులకరాళ్ళు, పదిహేను చింతపిక్కలు చాలు. మన ఊళ్ళలో అరుగుల మీద, గుడి మండపాల బండల మీద గీసి ఆడిన పులిజూదంలోనే ఆ పాఠాలన్నీ ఉన్నాయి. దాన్ని ఒక యంత్రాన్ని విప్పినట్టు గీత గీతగా విప్పి చూడాలి.

ముందు పలక గీద్దాం. పైన ఒక చుక్క, అదే శిఖరం. అక్కడి నుంచి నాలుగు గీతలు విచ్చుకుంటూ దిగి అడుగుగీతను తాకుతాయి. ఆ నాలుగింటినీ కోస్తూ మూడు అడ్డగీతలు రెండు పక్కలా కాస్త బయటికి సాగుతాయి. వాటి కొసలను కలుపుతూ ఎడమన ఒక నిలువుగీత, కుడిన మరొకటి. గీతలు కలిసే చోట్లే కాయలు నిలిచే చోట్లు. శిఖరం 1, అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23.

ఇక నియమాలు. మూడు పులులు పైభాగంలో కూర్చుంటాయి. మేకలను ఎత్తుకొకటి చొప్పున పలక మీద పెడతారు. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు, పులులు మాత్రం మొదటి నుంచీ తిరుగుతుంటాయి. పక్కనున్న మేక మీదుగా అదే గీత వెంట అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పులి పాలు. పులులన్నీ కదల్లేకుండా కట్టుబడితే మేకల గెలుపు. ఎన్ని మేకలు పోతే ఆట పులులదన్నది ఊరికో లెక్క.

ఇంత చిన్న నియమావళి గంటసేపు ఇద్దరిని కట్టిపడేయడానికి కారణం ఆ గీతల అమరికలో ఉంది. పులి దూకాలంటే మేకకు ఇటూ అటూ ఒకే గీత సాగాలి. గీత మేక దగ్గరే ఆగిపోతే దూకడానికి చోటు లేదు. అలా వచ్చిన గీతలన్నీ ఆగిపోయే చోట్లు ఈ పలక మీద సరిగ్గా 7: శిఖరం, పక్కకొసల్లో పైవి రెండు, కిందివి రెండు, అడుగుగీత రెండు చివరలు. వీటిలో కూర్చున్న మేకను ఏ పులీ ఏమీ చేయలేదు. మిగతా 16 చోట్లలో మేకకు ప్రాణభయం ఉంది, వెనక మరో కాయ అడ్డం నిలిస్తే తప్ప. ఒకదాని వెన్ను ఇంకొకటి కాయక తప్పని పరిస్థితి ఇక్కడే పుడుతుంది. మేకలు జట్టుగా ఉండాలని నియమాల్లో ఎక్కడా రాసి లేదు, అయినా ఆడేవాళ్ళు జట్టు కట్టే ఆడతారు.

ఇప్పుడు అవే చోట్లను పులి వైపు నుంచి చూడండి. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా అబ్బురం ఇదే. శిఖరం మీది పులిని కట్టాలంటే కింది నాలుగు దారులూ, వాటి వెనక దూకే నాలుగు చోట్లూ మూయాలి, అంటే 8 కాయలు. అదే పులి ఏ మూలకో వెళ్ళిందా, 4 చాలు. మేకకు కోటగా ఉన్న మూలే పులికి బోను! రక్షణకో గుర్తు, ఉచ్చుకో గుర్తు వేరుగా పెట్టలేదు, రెండు పనులనూ ఒకే గీత చివర చేస్తోంది.

పదిహేను అన్న అంకె వెనకా లెక్క కనిపిస్తుంది. మూడు పులులను మూడు దూరపు మూలల్లో విడివిడిగా కట్టాలంటే 12 కాయలు కావాలి. చేతిలో 15. అంటే మూడు మేకలను పోగొట్టుకున్నా ఆశ మిగిలే ఉంటుంది. పులులు దగ్గరదగ్గరగా చిక్కితే ఒకదానికొకటి అడ్డమై ఇంకా తక్కువే సరిపోతాయి. పదిహేనూ దిగాక ఒక్కటీ పోకపోతే పలక మీద ఖాళీలు ఐదే, పులులకు ఊపిరాడదు. ఒక్కో మేక పోయినకొద్దీ ఒక్కో ఖాళీ పెరుగుతుంది. ఓడిపోతున్నవాడికి పట్టు ఎలా జారుతోందో కళ్ళ ముందే కనిపిస్తుంది.

2004లో రాబిన్ హునికే, మార్క్ లెబ్లాంక్, రాబర్ట్ జుబెక్ ఆటలను అర్థం చేసుకోవడానికి మూడు అంచెలు చెప్పారు: మెకానిక్స్, డైనమిక్స్, ఈస్తటిక్స్. నియమం, ఆ నియమం నడిపించే ఆట తీరు, ఆ తీరు ఆటగాడిలో రేపే అనుభూతి. డిజైనర్ చేతిలో ఉండేది మొదటిదొక్కటే. పులిజూదంలో ఈ మూడింటి ముడి విప్పి చూడటం సులువు. పెట్టిన మేక కదలకూడదన్నది నియమం. దానివల్ల తొలి ఎత్తులు మూలలవైపు మళ్ళుతాయి, అదీ ఆట తీరు. మూలలు నిండిపోయి తర్వాతి మేకను బయట పెట్టాల్సి వచ్చినప్పుడు చెయ్యి తటపటాయిస్తుంది, అదీ అనుభూతి. నేపాల్‌లో ఆడే బాఘ్‌చాల్‌లో పులులు 4, మేకలు 20, చోట్లు 25. పలక మాత్రం చతురస్రం. ఊహ ఒకటే అయినా పలక మారితే లెక్కలన్నీ కొత్తగా వేసుకోవాలి.

నేర్చుకునేవాళ్ళు ఒక పని చేసి చూడాలి. ఆ రెండు పక్క నిలువుగీతలను చెరిపేసి ఆడండి. పైకి అలంకారంలా కనిపించే గీతలే అవి. అవి పోగానే మధ్య అడ్డగీత రెండు కొసలు కూడా మేకలకు భద్రమైపోతాయి, 7 కాస్తా 9 అవుతుంది. ఏ పక్కకొసకు వెళ్ళిన పులినైనా రెండే కాయలు కట్టేస్తాయి. పులి ఇక పక్కలకు పోదు, ఆటంతా నడిమికి కుంచించుకుపోతుంది.