బంతి పని బంతిది, మన పని మనది

కర్ణాటకలోని దోణిమలైలో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజం గని 1977లో మొదలైంది. గని ఊళ్ళో ఎర్రదుమ్ము మిద్దె మీది నీళ్ళ ట్యాంకునూ వదలదు. మూత సరిగా పడకపోతే అడుగున ఎర్రటి మడ్డి చేరుతుంది. ఇలాంటి చోట ట్యాంకు కడిగేటప్పుడు నేను ముందు చూసేది ఫ్లోట్ వాల్వునే.

ఒక బంతి, ఒక కడ్డీ, చిన్న రబ్బరు వాచరు, అంతే సరంజామా. నీళ్ళు పెరిగితే బంతి లేచి కడ్డీని ఎత్తుతుంది, వాచరు నీళ్ళు వచ్చే రంధ్రాన్ని మూస్తుంది. నీళ్ళు తగ్గితే బంతి దిగి దారి వదులుతుంది. కరెంటు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ తన నీటి గడియారానికి తేలే బిరడాతో ఇదే ఉపాయం పన్నాడు.

నన్ను ఆకట్టుకునేది ఇందులోని లెక్క. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీరు అర అంగుళం రంధ్రం దగ్గర సుమారు కిలోంబావు బలంతో తోస్తుంది. పదకొండు సెంటీమీటర్ల బంతి సగం మునిగితే దానికి దక్కే బలం 350 గ్రాములే. అయినా బంతే గెలుస్తుంది. అది కీలుకు దూరంగా, వాచరు కీలుకు దగ్గరగా ఉండటంతో ఆ కాస్త బలమే ఎన్నో రెట్లవుతుంది.

ఈ లెక్క తప్పేది మన అశ్రద్ధ వల్లే. బోరు నీటి సున్నం పట్టి కీలు బిగుస్తుంది. వాచరు కింద మన్ను చేరి నీరు కారుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ బంతి చీలి లోపల నీళ్ళు నిండితే ఇక తేలదు.

ఆనకట్టల పెద్ద గేట్లకూ ఇదే నీతి. 2024 ఆగస్టు 10 రాత్రి దగ్గర్లోని తుంగభద్ర ఆనకట్టలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. మన తెలుగు గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, నీరు పారుతుండగానే వారం లోపు తాత్కాలిక అడ్డుగా స్టాప్‌లాగ్ దించారు. దానికి ఆయనను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ అలాంటి సాహసం అవసరం పడకుండా చూసుకోవడమే అసలైన నిర్వహణ.

నెలకోసారి ట్యాంకు మూత తీయండి. నీళ్ళు వస్తుండగా బంతిని చేత్తో పైకెత్తండి. ధార పూర్తిగా ఆగకపోతే ఆ రోజే వాచరు మార్పించండి.