ఎత్తు లేనివాడి మలుపు

కల్లూరు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టి చివరికి నా ఫోనుకు చేరిన ఒక రీలు ఈ వారం నాకు బాగా కోపం తెప్పించింది. చేసింది మా అక్క కొడుకు. కంప్యూటర్లో ఆడే యుద్ధ విమానాల సిమ్యులేటర్‌లోంచి తీసిన ముక్క అది. వాడి మిగ్-21 వెనక ఒక ఎఫ్-5 తగులుకొని ఉంది. వీడు చెట్లకు తాకేంత కిందికి దిగాడు. అక్కడ ఒక్కసారిగా ముక్కు పైకెత్తి, విమానాన్ని దొర్లించి, తలకిందులుగా శత్రువు మీదుగా దాటి మళ్లీ కిందికి లాగాడు. ఎఫ్-5 ఆగలేక ముందుకు దూసుకుపోయింది. వీడు దాని వెనక చేరి కాల్చాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఫ్యాక్షన్ సినిమా డప్పుల మోత. చివర మీసం మెలేసే బొమ్మ, దాని కింద ‘సీమ పౌరుషం’ అని అక్షరాలు.

ఈ కాలమ్ మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు ఆ మీసం దగ్గర నాకెందుకు మండిందో చెప్పక్కర్లేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పటి నుంచి తెరమీద మనం తొడగొట్టే మనుషులమే. 2003లో ‘ఒక్కడు’ వచ్చాక కొండారెడ్డి బురుజు చాలామందికి కొట్లాట జరిగిన చోటుగానే గుర్తుండిపోయింది. వానల్లేక వేరుశనగ ఎండిపోతే మరుసటేడు అప్పు తెచ్చి మళ్లీ అదే చేలో విత్తే మనిషి ఈ నేల అసలు మనిషి అని నేను ఎన్నేళ్లుగానో రాస్తున్నాను. ఇప్పుడు మన ఇంటి పిల్లవాడే ఆ డప్పులు కంప్యూటర్ ఆటకు అతికించుకుంటే బాధగా ఉండదా?

మీసం సంగతి పక్కన పెట్టినా, ఆ విద్య మీదే నాకు అభ్యంతరం ఉంది. ఈ ఆటలు నేనూ ఆడతాను. 2001లో వచ్చిన ‘ఐఎల్-2 స్టుర్మోవిక్’తో పట్టుకున్న అలవాటు, ఇప్పుడు డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో నడుస్తోంది. అందులో మిగ్-21 బిస్ 2014 నుంచి ఉంది. ఇంజిన్ అంటించాలంటేనే స్విచ్చులన్నీ వరసగా వెయ్యాలి. గాలి, బరువు, ఇంధనం, అన్నీ లెక్కకు వస్తాయి. ముక్కు మరీ పైకెత్తితే రెక్క మీద గాలి విడిపోతుంది, విమానం మాట వినడం మానేస్తుంది. అలాంటి చోట బతకాలంటే మొదట అర్థం చేసుకోవాల్సింది ఎత్తు.

ఎత్తంటే సుంకేసుల వెనక నిలిచిన నీళ్లు. వేగమంటే కేసీ కాలువలో పారే నీళ్లు. గేటు ఎత్తితే నిలవ తగ్గి పారుదల పెరుగుతుంది, కిందికి దూకితే ఎత్తు పోయి వేగం వస్తుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ నీళ్లలో కొంత ఇంకిపోతుంది. గట్టిగా తిరిగితే ఇంకా ఎక్కువ. ఇంజిన్ మళ్లీ నింపుతుంది గానీ అంత తొందరగా నింపలేదు. 1960లలో అమెరికా పైలట్ జాన్ బాయిడ్, గణితం తెలిసిన థామస్ క్రిస్టీతో కలిసి దీన్నంతా సూత్రాల్లో పెట్టాడు. ఏ విమానం ఏ ఎత్తులో, ఏ వేగంలో ఎంత శక్తి మిగుల్చుకుంటుందో గీతలు గీసి చూపించాడు. ఆ గీతలు చూసినవాడెవడూ నేలకు దగ్గరగా, వేగం చచ్చిపోయాక, వెనక శత్రువును పెట్టుకొని పల్టీలు కొట్టడు.

అంతకు ముందే, 1916లో, జర్మన్ పైలట్ ఓస్వాల్డ్ బ్యోల్కె కుర్ర పైలట్ల కోసం ఎనిమిది నియమాలు రాశాడు. మొదటిది, దాడికి ముందే పైచేయి చూసుకో, వీలైతే సూర్యుణ్ని వెనక పెట్టుకో. రెండో ప్రపంచ యుద్ధంలో 352 విమానాలు కూల్చిన ఎరిక్ హార్ట్‌మన్ పద్ధతి కూడా మలుపుల యుద్ధం కాదు. చూడటం, నిర్ణయించుకోవడం, దగ్గరికి పోయి కొట్టడం, వెళ్లిపోవడం. వెనక చూసుకోవడం ఈ విద్యలో సగం. బండి కొన్నరోజే అద్దాలు విప్పి డిక్కీలో పడేసే మన కుర్రాళ్ల గురించి ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. హంద్రీ వంతెన మీద సాయంత్రం పూట నిలబడి చూడండి, వెనక లారీ వస్తోందని తెలియకుండానే పక్కకు కోసే బండ్లు ఎన్నో. ఆకాశంలో అద్దాలు లేనివాడు ముందు పోతాడు.

తెగింపు ఎంత తొందరగా ముగిసిపోతుందో చెప్పడానికి ఇంద్రలాల్ రాయ్ పేరు చాలు. కలకత్తాలో పుట్టిన కుర్రాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ దళంలో ఎస్‌ఈ-5ఏ నడిపాడు. 1918 జూలై 6 నుంచి 19 లోపల పది విజయాలు. జూలై 22న గాలి పోరులోనే చనిపోయాడు. అప్పటికి వయసు 19. మావాడి వయసు కూడా దాదాపు అంతే కాబట్టి ఆ అంకె నన్ను వదలదు.

ఇవన్నీ మనసులో పెట్టుకొని వాణ్ని ఇంటికి పిలిపించాను.

“ఏందిరా ఆ తిప్పుడు? ఎత్తు పెట్టుకొని కొట్టొచ్చు గదా?”

“ఎత్తుంటే నేను మాత్రం ఎందుకు తిప్పుతా మామా? లేనప్పుడు ఏం జెయ్యాల?”

జవాబు చెప్పకుండా వాణ్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించమన్నాను. వాడు తెరిచింది ఆన్‌లైన్ ఆట కాదు, సొంతంగా తయారు చేసుకున్న సాధన మిషన్. దాంట్లో ప్రతిసారీ వాడే కింద ఉంటాడు. వేగం తక్కువ, ఇంధనం తక్కువ, ఎఫ్-5 వెనక సిద్ధంగా ఉంటుంది. మొదలైన క్షణం నుంచీ ఓడిపోతున్న ఆట. పక్కన నోటుపుస్తకంలో ఏ వేగం దగ్గర విమానం వణకడం మొదలైంది, ఏ వేగం దగ్గర రెక్క జారింది అని రాసుకున్నాడు. చాలా వరసల చివర ‘నేల’ అని ఒకే మాట ఉంది. అంటే గుద్దుకున్నాడన్నమాట.

వాడు ఎగరేస్తుంటే నేను చేతుల వైపు చూశాను. పైలట్లు రోలింగ్ సిజర్స్ అంటారు దీన్ని. రెండు విమానాలూ ఒకదాని చుట్టూ ఒకటి మరలు తిరుగుతూ, ఎవరు తక్కువ ముందుకు పోతారా అని పోటీ పడతాయి. ముందుకు జారినవాడు దొరికిపోతాడు. ఒక్కో చుట్టుకు ఎత్తు కరిగిపోతూ ఉంటుంది. ముక్కు బాగా పైకెత్తినప్పుడు మావాడు జాయ్‌స్టిక్‌ను పక్కకు వంచడం పూర్తిగా మానేశాడు. కాళ్ల కింద రడ్డర్ పెడల్ ఒక్కటే తొక్కుతూ విమానాన్ని దొర్లించాడు. ఆ కోణంలో మిగ్-21ను స్టిక్‌తో దొర్లించబోతే ముక్కు అటు తిరగాల్సింది ఇటు తిరుగుతుంది. దాడి కోణం మీటరు ముల్లు హద్దు అంచున వణుకుతోంది, అంచు దాటడం లేదు. మూడో చుట్టు దగ్గర రెండో ఆఫ్టర్‌బర్నర్ వేశాడు. మిగ్-21 బిస్‌లోని ఆర్-25 ఇంజిన్‌కు తక్కువ ఎత్తుల్లో మాత్రమే వాడుకునే అదనపు బలం అది, మూడు నిమిషాలకు మించి వాడకూడదు. వాడు దాన్ని అంతదాకా దాచిపెట్టుకున్నాడు.

ఇందులో మీసం మెలేసే పని ఎక్కడా కనపడలేదు. లెక్క ఉంది. అప్పుడు నాకు గుర్తొచ్చినవాడు ఇంద్రలాల్ రాయ్ కాదు, దేవయ్య.

స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య కొడగు మనిషి. 1965 యుద్ధం మొదలయ్యేనాటికి విమానం నడపడం నేర్పే గురువు. సెప్టెంబర్ 7 తెల్లవారుజామున పన్నెండు మిస్టేర్ విమానాలు ఆదంపూర్ నుంచి పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీదికి బయలుదేరాయి. దేవయ్యది అదనంగా ఉంచిన విమానం. ఎవరిదైనా రాకపోతే ఆ లోటు పూడ్చాలి. అలాగే జట్టులోకి వచ్చాడు. సర్గోధా ఆ విమానాల పరిధికి చివరంచున ఉంది. పోయి కొట్టి తిరిగి రావడానికే ఇంధనం చాలీ చాలనట్టు. దారిలో పోరాటానికి దిగితే ఇంటికి చేరేందుకు మిగలదు.

తిరుగుదారిలో ఒక ఎఫ్-104 స్టార్‌ఫైటర్ తగులుకుంది. అది ధ్వనికి రెండింతల వేగంతో పోగల విమానం. మిస్టేర్ మామూలుగా పోయేటప్పుడు ధ్వనిని అందుకోలేదు. స్టార్‌ఫైటర్ దేవయ్య విమానాన్ని కొట్టింది, అతని పని అయిపోయిందనుకొని మిగతా వాళ్ల వెంట పడింది. దెబ్బతిన్న విమానంతో దేవయ్య వెనక్కి తిరిగాడు. స్టార్‌ఫైటర్ రెక్కలు చాలా పొట్టి. అంచులు ఎంత పదునంటే నేల మీద ఉన్నప్పుడు పనివాళ్లకు తెగకుండా తొడుగులు వేసేవాళ్లు. అలాంటి రెక్కలు నిటారుగా దూసుకుపోవడానికి పుట్టాయి, తక్కువ ఎత్తులో గిరగిర తిరగడానికి పనికిరావు. దేవయ్యకు దొరికిన చోటు అదొక్కటే. మలుపుల్లోకి దించాడు, కొట్టాడు. అవతలి పైలట్ అంజద్ హుస్సేన్ పారాచూట్‌తో బయటపడ్డాడు. దేవయ్య తిరిగి రాలేదు. ఆ నేల మీదే ఊరివాళ్లు అతన్ని పూడ్చిపెట్టారు.

ఏం జరిగిందో మన వాయుసేనకు చాలా ఏళ్లు తెలియలేదు. 1979లో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ పాకిస్తాన్ వైపు నుంచి రాసిన పుస్తకంతో ఆ పోరు కథ బయటికొచ్చింది. 1988లో దేవయ్యకు మహావీర చక్ర ఇచ్చారు. సంఘటన జరిగిన ఇరవై మూడేళ్లకు ఆయన భార్య ఆ పతకం అందుకున్నారు.

ఈ కథ నేను పాతికేళ్లుగా ఎరుగుదును. దీన్ని ఎప్పుడూ త్యాగం కథగానే చదివాను. మావాడి నోటుపుస్తకం చూశాక దాన్ని విమానం నడిపే విద్యగా చదివాను. ఆ మలుపు ఆ క్షణంలో పుట్టింది కాదు. అంతకు ముందు ఎన్నో ఏళ్లు, ఎంతోమంది శిష్యుల పక్కన కూర్చొని, విమానం ఏ వేగం దగ్గర ఎలా మాట తప్పుతుందో చేతులతో తెలుసుకున్న మనిషి చేసిన మలుపు.

బ్యోల్కె నియమం పైన ఉన్నవాడికి చెప్పిన నియమం. నా సుంకేసుల లెక్క నీళ్లున్నవాడి లెక్క. వెనక శత్రువు, కింద నేల, ట్యాంకులో అడుగంటిన ఇంధనం ఉన్నవాడికి ‘ఎత్తు కాపాడుకో’ అంటే ఏం లాభం? వాడికి మిగిలింది ప్రమాదకరమైన మలుపొక్కటే. దాన్ని ముందుగా సాధన చెయ్యకపోతే ఆ రోజు ఎలా వస్తుంది?

1942లో మిడ్‌వే సముద్ర యుద్ధానికి ముందు అమెరికా నౌకాదళ పైలట్ జాన్ థాచ్‌దీ ఇదే చిక్కు. తన వైల్డ్‌క్యాట్ జపాన్ జీరోకంటే నెమ్మదిగా పైకెక్కుతుంది, మలుపులో అందుకోలేదు. ఇంట్లో బల్ల మీద అగ్గిపుల్లలు పరిచి ఉపాయం ఆలోచించాడు. రెండు జతల విమానాలు ఎదురెదురుగా వచ్చి దాటుకుంటూ, ఒకరి వెనక పడ్డవాణ్ని మరొకరు ముందు నుంచి కొట్టాలి. తోటి విమానం ముక్కు తన వైపే దూసుకొస్తుంటే చెయ్యి వణకకుండా పట్టుకోవాలి. బలహీనమైన విమానం ఉన్నవాడే ఆ అగ్గిపుల్లలు పరిచాడు.

కాలం మారింది, విమానాలు ఎదురెదురుగా తిరుగుతూ కొట్టుకోవడం అయిపోయింది అనేవాళ్లున్నారు. వాళ్ల మాటకు బలం మనకు దగ్గర్లోనే ఉంది. 2025 ఏప్రిల్ 13న ఓర్వకల్లు మండలంలోని డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రంలో లేజర్ కిరణంతో రెక్కల డ్రోన్‌ను కూల్చి చూపించారు. అదే ఏడాది సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కు వాయుసేన వీడ్కోలు పలికింది. 1963 నుంచి సేవ చేసిన విమానం. ఇక మిగ్-21 మావాడిలాంటి కుర్రాళ్ల కంప్యూటర్లలోనే ఎగురుతుంది. అక్కడైనా దాన్ని సరిగ్గా ఎగరేసేవాళ్లు ఉండాలని నా పట్టుదల. ఆట కదా, చస్తే మళ్లీ మొదలుపెట్టొచ్చు అని పల్టీలు కొట్టేవాళ్లు నాకు ఇప్పటికీ గిట్టరు. ఎక్కడ చచ్చాడో, ఏ వేగం దగ్గర చచ్చాడో రాసుకొని మళ్లీ మొదలుపెట్టేవాడు వేరు.

రీలు మాత్రం మార్చమన్నాను. మీసం, డప్పులు తీసెయ్యమన్నాను. నేలకు గుద్దుకున్న ముక్కలు అన్నీ ముందు పెట్టి, ఆఖర్న ఆ ఒక్క మలుపు పెట్టమన్నాను. “అట్ల పెడితే ఎవరు చూస్తారు మామా?” అన్నాడు. కల్లూరులో ఇంకో కుర్రాడు చూస్తే చాలు, వాడికి ఆ వేగాలు పనికొస్తాయి అన్నాను. ఒప్పుకున్నాడో లేదో తెలియదు, నోటుపుస్తకం మాత్రం నా దగ్గర వదిలిపోయాడు. ఆదివారం ఇద్దరం ఎగరేస్తాం. వాడు పైన, సూర్యుడి వైపు. నేను కింద, మూడు వందల మీటర్ల ఎత్తులో, ట్యాంకులో సగం కూడా లేకుండా.