రౌతు చరిత్రలో పేరులేని మనుషులు

అమెరికా అంతర్యుద్ధం (1861–65) మీద వచ్చిన జీవిత చరిత్రల్లో దక్షిణాది రౌతుకు ప్రత్యేక స్థానం ఉంది. ఈక తురిమిన టోపీ, చీకట్లో మెరుపుదాడి, బందీ అయిన శత్రు సేనాని - ఇవి పాఠకుణ్ణి ఇట్టే లోబరుచుకుంటాయి. జాన్ సింగిల్టన్ మోస్బీ జీవితాన్ని పరిశీలించబూనినప్పుడు మొదట నేనూ లోబడ్డాను.

మోస్బీ న్యాయవాది. వర్జీనియా యూనియన్ నుంచి విడిపోవడాన్ని మొదట వ్యతిరేకించినవాడే 1861లో ఆశ్విక దళంలో మామూలు సిపాయిగా చేరాడు. 1863 మార్చిలో 29 మందితో ఫెయిర్‌ఫాక్స్ కోర్టుహౌస్‌లో చొరబడి, నిద్రపోతున్న ఉత్తరాది జనరల్ స్టౌటన్‌ను పట్టుకుపోయాడు. వెంట 58 గుర్రాలను కూడా తోలుకుపోయాడు. నేను రాసుకున్న కాగితాలు ఇలాంటి ఘట్టాలతోనే నిండిపోయాయి.

ఆ తర్వాత రికార్డుల సంగతి ఆలోచించాను. దక్షిణాది సైన్యంలో రౌతు తన గుర్రాన్ని తానే తెచ్చుకోవాలి. దాని వాడకానికి ప్రభుత్వం రోజుకు 40 సెంట్లు ఇచ్చేది. గుర్రానికి వెలకట్టి సైనిక పట్టీలో రాసేవారు. అది పోరులో చస్తే ఆ వెల చెల్లించాలి.

ఇక 1860 జనాభా లెక్కలు చూడండి. బానిసలకు వేరే పట్టీలున్నాయి. వాటిలో యజమాని పేరు ఉంటుంది. దాని కింద బానిసల వయస్సు, స్త్రీయా పురుషుడా, శరీరం రంగు ఉంటాయి. చాలావరకు వాళ్ల పేర్లు మాత్రం ఉండవు. అప్పటికి ఆ దేశంలో బానిసలు దాదాపు 40 లక్షలు.

ప్రతి రౌతూ బానిసల యజమాని కాడు, నిజమే. కాని ఏ వ్యవస్థ కోసం కత్తి దూశాడో ఆ వ్యవస్థ ఈ పట్టీల్లో ఉంది. మోస్బీ వెంట కూడా ఆరన్ బర్టన్ అనే బానిస యుద్ధానికి వెళ్లాడు. ఇలాంటివాళ్లను "విశ్వాసపాత్రులైన సేవకులు"గా చిత్రించడం యుద్ధానంతర దక్షిణాది సాహిత్యానికి పరిపాటి. కాదనడానికి వీలులేనివాడి సేవను విశ్వాసమనడం యజమాని వర్గపు అలంకారం.

ఈ యుద్ధానికి మూలం బానిసత్వమేనని మార్క్స్ 1861లోనే వియన్నా పత్రికలో విశ్లేషించాడు. మోస్బీ కూడా 1907లో పాత సహచరుడికి రాసిన లేఖలో ఆ మాటే ఒప్పుకున్నాడు. అయితే ఆ పక్షాన పోరాడినందుకు సిగ్గుపడటం లేదన్నాడు. తప్పయినా ఒప్పయినా సైనికుడు తన దేశం కోసం పోరాడతాడన్నది అతని సమర్థన. ఎందరో చరిత్రకారులు దాచిన కారణాన్ని దాచనందుకు అతని నిజాయితీని గుర్తిద్దాం. కాని అంతటితో ఆగిపోతే విమర్శ కాదు. "నా దేశం" అన్నప్పుడు ఆరన్ బర్టన్ అందులో ఎక్కడున్నాడు?

రౌతు జీవితం రాయవద్దని నేననను. రాయాలి. సైనిక పట్టీ పక్కన బానిసల పట్టీని పెట్టుకుని రాయాలి. మొదటిది అతనెలా పోరాడాడో చెబుతుంది, రెండవది దేనికోసమో చెబుతుంది. మొదటి దానితోనే తృప్తిపడిన రచయిత ఎంత శ్రమించినా యజమాని గుమాస్తాగానే మిగులుతాడు. పేర్లు రాయని ఆ గుమాస్తా పనిని మనం మళ్లీ చేయనక్కరలేదు.