కరివేపాకు – మితసేద్యము

ప్రయాణికుల విమానములు 2014లో హమద్ విమానాశ్రయమునకు తరలిపోయినను పాత పేరు విడువని దోహాలోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో, మన తెలుగువారి బాల్కనీలయందు తఱచుగా కానవచ్చునది కరివేప కుండీ. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటు ఈ యెడారిలో, శుద్ధిచేసిన సముద్రజలముతో పెంచుకొను మొక్కకు నీరును ఎరువును దండిగా పోయవలెనని తోచుట సహజమే; కాని అట్టి గారాబమువలన ఆకు పెరుగునే గాని ఆకు గుణము పెరుగదు.

ఒక రెబ్బను త్రుంచి వెలుతురున కెదురుగా పట్టి చూడుడు. ఆకు నిండ సన్నని చుక్కలు మెరయును. నిమ్మ, నారింజల వంశమునకే చెందిన కరివేపకు అవి తైలగ్రంథులు. పోపులో పడగానే గుప్పుమను పరిమళము అందే యున్నది.

మొక్క సూర్యకాంతిచే కూర్చుకొను చక్కెరలు, యూరియా సమృద్ధిగా లభించినపుడు, మాంసకృత్తులుగాను క్రొత్త చివుళ్లుగాను వ్యయమగును. నత్రజని మితమైనపుడు ఎదుగుదల నెమ్మదించి, మిగిలిన చక్కెరలు ఆకును కాపాడు ఫినాలిక్ పదార్థములుగా మారును. నత్రజని హెచ్చిన ఆకుకూరలలో విటమిన్-సి తగ్గుటయు శాస్త్రజ్ఞు లెఱిగినదే. ఐనను ఎరువును బొత్తిగా మానుట తగదు; పరిశోధకుల దృష్టి నాకర్షించిన మహానింబిన్ మొదలగు కార్బజోల్ ఆల్కలాయిడ్ల నిర్మాణమునకే నత్రజని కావలెను. ఒకే ఆకులోని రెండు సుగుణములలో ఒకటి లోపమును కోరగా రెండవది పోషణమును కోరుచున్నది. ఆ రెంటినడుమ మితము నెఱుగుటయే సేద్యవిద్య.

ఆకులోని సారము పండించువాని చేతిలో నుండునని మన పొగాకు రైతులు చిరకాలముగా నెఱుగుదురు: పూత వేయబోవు తలను త్రుంచినచో ఆకులో నికోటిన్ హెచ్చును. జపానువారు గ్యోకురో తేయాకును కోతకు ముందు సుమారు 20 దినములు నీడలో నుంచి, రుచినిచ్చు థియానిన్ వగరైన కాటెకిన్లుగా మారుటను తగ్గించి, వగరును అణచి రుచిని నిలుపుదురు.

ఇక మా దోహాకు వచ్చినచో, ఇచ్చటి మట్టి సున్నపు మట్టి. అందువలన మా కుండీలో లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రమే పచ్చగా నిలిచినపుడు, అది యినుము అందని లక్షణమని గ్రహించి, యూరియా జోలికి పోక, మన పల్లెలలో వలె పులిసిన మజ్జిగను పలుచన చేసి పోయుచుందును. ఆ పులుపు మట్టిలోని క్షారగుణమును కొంత తగ్గించి, ఇనుము వేళ్లకు అందుటకు తోడ్పడును. ప్రొద్దుటి యెండ తగులనిచ్చి మధ్యాహ్నమున షేడ్ నెట్ కప్పుట, పైమట్టి ఆరినపిమ్మటనే నీరు పోయుట, పూమొగ్గలను గిల్లివేయుట, ఇంతే నా సేద్యము.

కావున ఎరువు సంచి విప్పుటకు ముందు ఒక ఆకును వ్రేళ్ల నడుమ నలిపి వాసన చూడుడు. ఆకు దట్టముగా పెరిగియు వాసన చప్పబడినచో, ఆ మొక్కకు కావలసినది మరియొక గుప్పెడు యూరియా కాదు, పోయువాని సంయమనము.