పేరు పెట్టి పిలిచిన పాట

ఒక ప్రజను ఏ పేరుతో పిలవాలో ఎవరు నిర్ణయిస్తారు? ప్రభుత్వాలా, పత్రికలా, ఆ ప్రజలేనా? మన ఆదివాసులకు ఇది పాత ప్రశ్నే. మనవాళ్లు తమను కోయ్‌తోర్ అని చెప్పుకుంటే బయటివాళ్లు గోండులని రాసుకున్నారు. ఆ ప్రశ్నను మనసులో పెట్టుకునే మేము ‘ది కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’ రికార్డు విన్నాం. ఇంగ్లీషు రాక్ పాటలతో మనకేం పని అనుకోకుండా యువతీ యువకులు, తోటి ఉపాధ్యాయులు ఒకసారి వినాలని మా కోరిక.

1970 నవంబరులో తూర్పు పాకిస్తాన్‌ను పెను తుఫాను ముంచెత్తింది. లక్షల మంది పోయారు. ఆ తర్వాత ఎన్నికల్లో గెలిచినవాళ్లకు అధికారం ఇవ్వకుండా, 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో జనం మీద విరుచుకుపడింది. ఆ ఏడాది చివరికి సుమారు కోటి మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. బెంగాలీ కుటుంబంలో పుట్టిన సితార్ విద్వాంసుడు రవిశంకర్ ఆ కష్టం చూడలేక, బీటిల్స్ బృందంలో పాడిన స్నేహితుడు జార్జ్ హారిసన్‌ను సాయమడిగాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండు కచేరీలు జరిగాయి. బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్ వంటివాళ్లు వచ్చారు. రెండింటికీ కలిపి 40 వేల మంది విన్నారు. వాటిలోంచి ఏరి కూర్చిన మూడు ఎల్పీల సెట్టు ఆ డిసెంబరులో వెలువడింది.

ఇందులో రాజకీయ ఉపన్యాసాలు లేవు. రాజకీయమంతా పేరులోనే ఉంది. అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పాకిస్తాన్ పాలకుల పక్షాన ఉన్నాడు. ఆయన ప్రభుత్వ కాగితాల్లో అది తూర్పు పాకిస్తానే. మన దేశం కూడా బంగ్లాదేశ్‌ను గుర్తించింది డిసెంబరు 6న. అంతకు నాలుగు నెలల ముందే, అమెరికాలోనే, ఒక కచేరీ ఆ పేరును వేల గొంతుల్లోకి ఎక్కించింది. దౌత్యవేత్తలు పలకని మాటను పాట పలికింది. ఈ రికార్డు గొప్పతనం అదే.

మొదట రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా, కమలా చక్రవర్తి తంబురా వినిపిస్తాయి. వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే కచేరీ ఇంకా నచ్చుతుందని రవిశంకర్ చమత్కరించాడు. మాకు నవ్వొచ్చింది, బాధా కలిగింది. మన దింసాకూ గుస్సాడీకీ పట్నం సభల్లో పడే చప్పట్లు గుర్తొచ్చాయి. వేషం చూసి కొట్టేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ‘బంగ్లా ధున్’ నెమ్మదిగా మొదలవుతుంది. సితార్ అడిగితే సరోద్ బదులిస్తుంది, తబలా వేగం పెంచుతుంది. మా చెవికి ఈ రికార్డులో అన్నిటికన్నా నిలిచేది ఇదే. చివర హారిసన్ పాడిన ‘బంగ్లా దేశ్’ పాటలో సొగసు తక్కువ, తొందర ఎక్కువ. ఆ తొందరే దాని నిజాయితీ.

లోపాలూ చెప్పాలి. అట్ట మీద ఖాళీ పళ్లెం ముందు కూర్చున్న బక్కచిక్కిన పసివాడి బొమ్మ. ఓటేసిన, తిరగబడిన, పాటలు కట్టిన ప్రజలు ఆకలిగానే కనిపించారు. తూర్పు బెంగాల్‌లో పుట్టిన అలీ అక్బర్ ఖాన్ సరోద్ పలికింది గానీ, శరణార్థి గొంతు ఒక్కటీ వినబడదు. టికెట్ల మీద వచ్చిన దాదాపు 2 లక్షల 43 వేల డాలర్లు యునిసెఫ్‌కు చేరాయి. ముందుగా ధర్మసంస్థ ఏర్పాట్లు చేసుకోనందున రికార్డు, సినిమా డబ్బు పన్నుల చిక్కుల్లో ఏళ్ల తరబడి ఆగింది. మంచి మనసుకు కాగితం తోడు కావాలి.

ఒక పేరు గెలిస్తే దాని కింద మరికొన్ని పేర్లు అణగిపోవచ్చు కూడా. చిట్టగాంగ్ కొండల్లో చక్మా, మర్మా, త్రిపురా ప్రజలున్నారు. 1960ల మొదట్లో కప్తాయ్ ఆనకట్ట సుమారు లక్షమందిని నిర్వాసితుల్ని చేసింది. పోలవరం ముంపు ఊళ్లవాళ్లకు ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. 1972లో కొత్త దేశపు రాజ్యాంగం పౌరులందరూ బెంగాలీలే అన్నప్పుడు, ఆ కొండల ప్రతినిధి మానవేంద్ర నారాయణ్ లార్మా ఒప్పుకోక సభలోంచి బయటికి వచ్చేశాడు. తమ పేరు కోసం నెత్తురు ధారపోసిన ప్రజలే పక్కవాళ్ల పేరు వినలేకపోయారు. ఆ తప్పు పాటది కాదు. కానీ ఆ పాట విన్నవాళ్లం మనం ఈ సంగతి మరవకూడదు.

మాకూ ఇందులో వాటా ఉంది. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లల పేర్లను పలకడానికి వీలుగా మార్చి రాసింది మా చేతులే. ఇంట్లో ఒక పేరు, రిజిస్టరులో ఒక పేరు. రేపు తరగతిలో ఈ రికార్డు వినిపిద్దాం. ఆ తర్వాత మన పెద్దల పాట ఒకటి ఫోనులో రికార్డు చేయిద్దాం. పాడిన అవ్వ పేరు, గోత్రం, ఊరు ఆమె చెప్పినట్టే పిల్లల చేత రాయిద్దాం. ఆ పేర్లలో ఒక్క అక్షరం కూడా మనం దిద్దవద్దు.